రచనాస్తంభన (తెలుగు సాహిత్యంలో)

రాయాలన్న కోరికా, రాయగల సత్తా ఉండి కూడా కలం సాగని స్థితి రచనాస్తంభన. ఆస్ట్రియాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన మనోవిశ్లేషకుడు ఎడ్మండ్ బెర్గ్లర్ 1940లలో దీన్ని మానసిక సమస్యగా చర్చించి, ఇంగ్లీషులో ఇప్పుడు వాడుకలో ఉన్న పేరు పెట్టాడు. మన కవులకు ఈ చిక్కు వందల ఏళ్ల కిందటే తెలుసు. దాన్ని దాటే ఉపాయాలు పద్యవిద్యలోనే దొరుకుతాయి.

జనం నోట నానిన కథ పోతనది. గజేంద్రమోక్షంలో వైకుంఠాన్ని వర్ణించబోయి పద్యం నడుమ ఆగిపోయాడనీ, ఆయన లేచి బయటికి వెళ్లినప్పుడు శ్రీహరే పోతన రూపంలో వచ్చి పూరించాడనీ చెబుతారు. కథలోని భక్తి మాట అలా ఉంచితే, సాగని పద్యాన్ని వదిలి కాసేపు లేచి వెళ్లడం రాసేవాళ్లందరూ ఎరిగినదే.

భారతం కథ ఇంకా గట్టిది. 11వ శతాబ్దిలో నన్నయ రచన అరణ్యపర్వం మధ్యలో నిలిచిపోయింది. 13వ శతాబ్దిలో తిక్కన ఆ ఖాళీ జోలికి పోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు ముగించాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని 14వ శతాబ్దిలో ఎర్రన పూరించి, నన్నయ ఏలిక రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. ఆగిన చోటే కూర్చోనక్కరలేదని చెప్పడానికి ఇంతకు మించిన ఉదాహరణ లేదు.

స్తంభనను నిండు సభలో ఎదుర్కొనే విద్య అవధానం. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు వేసేవారు, ఎనిమిది మంది. ఒకరు సమస్యగా ఒక పాదం ఇచ్చి పూరించమంటారు, ఒకరు దత్తపదిగా నాలుగు మాటలు ఇచ్చి వాటితో పద్యం చెప్పమంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు అక్షరం అక్షరానికీ అడ్డు తగులుతూ, తరవాత ఏ అక్షరం రాకూడదో చెబుతాడు. అప్రస్తుత ప్రసంగి మధ్యమధ్య ఏకాగ్రత చెడగొడతాడు. పద్యం అడిగిన ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెప్పి అవధాని ముందుకు కదులుతాడు. అలా నాలుగు ఆవృత్తుల్లో పద్యాలు పూర్తయ్యాక, ధారణలో అన్నిటినీ అప్పజెబుతాడు. ఒక పద్యం బిగుసుకుంటే మరొకటి నడుస్తూ ఉంటుంది. మొదటి పాదంలో రెండో అక్షరం పడగానే మిగిలిన పాదాలకు ప్రాస ఖాయమవుతుంది, యతి ఇంకొంత దారి చూపుతుంది. కట్టుబాటు కవిని బంధిస్తుందన్న మాట నాకు సగమే నిజమనిపిస్తుంది. ఏం రాయాలో తోచనివాడికి అదే మొదటి ఆధారం.

ఈ అవధాన విద్యను ఊరూరా తిప్పిన జంట తిరుపతి వేంకట కవులు. వీరిలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) కడియంలో పుట్టి, చిన్నతనంలో యానాంలో చదువుకున్నారు.  1920లో జంటలో రెండోవారైన దివాకర్ల తిరుపతిశాస్త్రి పోయాక కూడా చెళ్ళపిళ్ళ కలం ఆపలేదు; జంట పేరుతోనే రచనలు వెలువరించారు. తోడు పోయినవాడికి ఆ పేరే తోడైందని నా నమ్మకం.

కోనసీమలోని ఐ.పోలవరంలో 1920లో పుట్టిన మధునాపంతుల సత్యనారాయణశాస్త్రి ఆంధ్రుల చరిత్రను ‘ఆంధ్రపురాణం’గా తొమ్మిది పర్వాల్లో పద్యబద్ధం చేశారు. అంత పెద్ద కావ్యం ఆగకుండా సాగడానికి పర్వ విభజనే ఊతం. ఆయన పద్యానికే పరిమితం కాలేదు. పల్లిపాలెం నుంచి ‘ఆంధ్రి’ పత్రిక నడిపారు, ‘ఆంధ్ర రచయితలు’ పేరిట ఆధునిక రచయితల జీవితాలను వచనంలో రాశారు.

దేవులపల్లి కృష్ణశాస్త్రిది మరో తీరు. 1963లో గొంతు పోయినా మాటలు కాగితం మీద పెడుతూ పాటలు రాశారు. 1976 నాటి ‘అమెరికా అమ్మాయి’ సినిమాకు కూడా ఆయన పాట ఉంది.

నేటి బడుల్లో వ్యాసానికి శీర్షిక ఇచ్చి రాయమంటారు, పిల్లలు తెల్లకాగితం చూస్తూ కూర్చుంటారు. తెలుగు ఉపాధ్యాయులు వారానికొకసారైనా దత్తపది పద్ధతిలో నాలుగు మాటలిచ్చి, వచనంలోనైనా సరే, రాయించాలి.