బోధన్ పాస్‌పోర్టుల కేసు: ఎయిర్‌పోర్టులో చెకింగ్ పెంచితే చాలా? ప్రయాణికుడి హక్కులేంటి?

నిజామాబాద్, బోధన్ నుంచి గల్ఫ్ వెళ్లేవాళ్లలో చాలామందికి శంషాబాద్ ఎయిర్‌పోర్టే దారి. బ్యాగుల స్కానింగ్, సీఐఎస్ఎఫ్ తనిఖీ, ఇమిగ్రేషన్ ప్రశ్నలు పాతవే. ఇప్పుడు ముఖం గుర్తుపట్టే కెమెరాలూ వచ్చాయి. మరి వీటితో భద్రత పెరుగుతుందా? సామాన్యుడి స్వేచ్ఛ మాటేంటి? బోధన్ కేసు చూస్తే విషయం అర్థమవుతుంది.

అసలేం జరిగింది?

2021 ఆరంభంలో భారత పాస్‌పోర్టులతో విదేశాలకు బయలుదేరిన బంగ్లాదేశీయులు శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ అధికారులకు దొరికిపోయారు. తీగ లాగితే బోధన్‌లో డొంక కదిలింది. అక్కడి కొద్ది అడ్రస్‌లపైనే 72 పాస్‌పోర్టులు జారీ అయ్యాయని సైబరాబాద్ పోలీసులు తేల్చారు. స్పెషల్ బ్రాంచ్‌లో వెరిఫికేషన్ చూసిన ఎస్సై, ఏఎస్సై కూడా అరెస్టయ్యారు.

కెమెరా ఉంటే ఆగేదా?

కష్టమే. ఎదురుగా ఉన్న ముఖం, రికార్డులోని ఫొటో ఒకటేనా అన్నదే కెమెరా చూస్తుంది. ఫొటో ఆ మనిషిదే అయితే గేటు తెరుచుకుంటుంది. అడ్రస్ నిజమా కాదా అన్నది దానికి తెలియదు. అంటే లోపం ఇంటి దగ్గర జరగాల్సిన విచారణలో ఉంది. అనుమానం మాత్రం బోధన్ అడ్రస్ ఉన్న అందరిపైనా పడే ప్రమాదం ఉంది.

డిజియాత్ర తప్పనిసరా?

కాదు. 2022 డిసెంబర్‌లో దేశీయ ప్రయాణాల కోసం మొదలైన ఈ విధానం హైదరాబాద్‌లోనూ ఉంది. శంషాబాద్ నుంచి ముంబై వెళ్లి అక్కడ గల్ఫ్ ఫ్లైట్ ఎక్కేవాళ్లకూ ఇది ఎదురవుతుంది. వద్దనుకుంటే ఐడీ, బోర్డింగ్ పాస్ చూపించి మామూలు లైన్‌లో వెళ్లొచ్చు. ఫ్లైట్ బయలుదేరిన 24 గంటల్లో ఎయిర్‌పోర్టు సిస్టమ్ నుంచి డేటా తొలగిస్తామని నిర్వాహకులు చెబుతున్నారు.

చట్టం ఏం చెబుతోంది?

- విదేశాలకు వెళ్లడం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని 1967లోనే సుప్రీంకోర్టు చెప్పింది.
- గోప్యత ప్రాథమిక హక్కని 2017లో తొమ్మిది మంది జడ్జిల ధర్మాసనం తీర్పిచ్చింది. దానికి పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలి, అవసరానికి మించకూడదు.
- పాస్‌పోర్టు నిరాకరించినా, రద్దు చేసినా కారణం రాతపూర్వకంగా నమోదు చేయాలి. అడిగితే కాపీ ఇవ్వాలి. దేశ భద్రత వంటి కొన్ని సందర్భాల్లోనే మినహాయింపు.

అందుకే పాస్‌పోర్టు ఆగిపోతే నోటిమాటతో తిరిగి రాకండి, కారణం రాసిచ్చిన కాపీ అడగండి. ఇక అధికారుల వైపు చూస్తే, బోధన్‌లో ఇంటికెళ్లి సరిగ్గా విచారిస్తే శంషాబాద్‌లో అమాయకులను ఆపాల్సిన అవసరం తగ్గుతుంది.