300 అని రాసున్న చిప్ 450 దగ్గర ఎలా నడిచింది? ఓవర్‌క్లాకింగ్ అసలు కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చిప్ కథ చెప్తాను. దాని పేరు సెలరాన్ 300ఏ. 1998 ఆగస్టు 24న ఇంటెల్ దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. వెయ్యి చొప్పున కొనేవాళ్లకి ఒక్కో చిప్ 149 డాలర్లు. అదే రోజు, అదే కంపెనీ పెంటియం 2లో 450 మెగాహెర్ట్జ్ మోడల్ కూడా తెచ్చింది. దాని ధర 669 డాలర్లు. ఇక చూడండి, కుర్రాళ్లు ఆ 149 డాలర్ల చిప్పుని కొనుక్కెళ్లి, ఇంట్లో కూర్చుని 450 మెగాహెర్ట్జ్ దగ్గర నడిపించేశారు. చాలా పనుల్లో అది 669 డాలర్ల చిప్పుతో సమానంగా పరిగెత్తింది.

మరి చిప్ మీద 300 అని ఎందుకు రాశారు? అబద్ధమా? కాదు. ఆ నంబర్ ఒక హామీ. "ఈ వేగం దగ్గర, ఎండాకాలంలో కూడా, ఏళ్ల తరబడి తప్పు లెక్క చెయ్యదు" అని కంపెనీ ఇచ్చే మాట. చిప్ నిజంగా ఎంతవరకు పోగలదు అన్నది వేరే విషయం. ఈ రెండింటి మధ్య ఉన్న ఖాళీ ఎవరిది? కొన్నవాడిదా, అమ్మినవాడిదా? ఓవర్‌క్లాకింగ్ చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు క్లాక్ అంటే ఏంటో చూద్దాం. మీరు కోలాటం చూసే ఉంటారు. పాట తాళానికి తగ్గట్టు అందరూ కర్రలు కలపాలి. తాళం పెంచితే ఆట వేగంగా సాగుతుంది. కానీ ఒక్కరి కర్ర ఆలస్యమైనా వరస మొత్తం చెదురుతుంది. ప్రాసెసర్‌లో కూడా అంతే. క్లాక్ ఒక్కసారి కొట్టేలోపు ఒక అడుగు పని పూర్తయి, జవాబు స్థిరపడాలి. అన్ని దారుల్లోకీ నెమ్మదైన దారి ఏదైతే ఉందో, అదే చిప్ అసలు హద్దు.

దీన్ని మొదట పట్టుకున్నది సెలరాన్ కాలం వాళ్లు కాదు. 1984లో ఐబీఎం పీసీ ఏటీ వచ్చింది, 6 మెగాహెర్ట్జ్ వేగంతో. క్లాక్‌కి తాళం ఇచ్చేది బోర్డు మీద ఉండే 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్. దాన్ని పీకేసి 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ పెడితే ప్రాసెసర్ 8 దగ్గర నడిచేది. చిన్న ముక్క మారిస్తే మూడో వంతు వేగం అదనం! ఐబీఎం ఏం చేసింది? తర్వాత వచ్చిన బయోస్‌లో వేగాన్ని కొలిచే ఒక పరీక్ష పెట్టింది. ఎక్కువ వేగం కనిపిస్తే మెషిన్ స్టార్ట్ అవ్వదు. అంటే తాళం చెవి కోసం గొడవ అప్పుడే మొదలైపోయింది.

1990ల్లో ఈ గొడవకి ఇంకో కోణం వచ్చింది. కొంతమంది డీలర్లు తక్కువ వేగం చిప్‌ల మీద రాతలు చెరిపేసి, ఎక్కువ నంబర్ ముద్రించి అమ్మడం మొదలుపెట్టారు. పాపం కొన్నవాడికి తెలియదు, కంప్యూటర్ ఎందుకు హ్యాంగ్ అవుతుందో. ఈ మోసాన్ని కారణంగా చూపించి ఇంటెల్ మల్టిప్లయర్‌ని లాక్ చేసింది. ప్రాసెసర్ వేగం అంటే బస్ వేగం ఇంటూ మల్టిప్లయర్. సెలరాన్ 300ఏ లో బస్ 66, మల్టిప్లయర్ 4.5, మొత్తం 300. ఆ 4.5ని మార్చలేరు. కానీ బస్‌ని మార్చొచ్చు కదా! 440బీఎక్స్ చిప్‌సెట్ ఉన్న బోర్డులు 100 మెగాహెర్ట్జ్ బస్‌ని మామూలుగానే ఇచ్చేవి. 4.5 ఇంటూ 100, ఎంత? 450.

అబిట్ బీహెచ్6 లాంటి బోర్డుల్లో బయోస్ మెనూలోకి వెళ్లి మార్చుకుంటే చాలు. ఆ సౌకర్యం లేని బోర్డున్నవాళ్లు చిప్ కార్డు మీద బీ21 అనే పిన్‌కి చిన్న టేప్ ముక్క అంటించేవాళ్లు. అప్పుడు బోర్డు అది 100 బస్ చిప్ అనుకునేది.

అది అంత బాగా నడవడానికి కారణం ఉంది. పెంటియం 2లో 512 కేబీ ఎల్2 క్యాష్ బయట విడి చిప్‌లలో ఉండేది, ప్రాసెసర్ వేగంలో సగానికే పనిచేసేది. 300ఏ లో 128 కేబీయే, కానీ ప్రాసెసర్ ముక్కలోనే, పూర్తి వేగంతో. వెనక్కి లాగే బయటి చిప్ లేదు. అన్ని చిప్‌లూ 450కి చేరలేదు, అదృష్టం కూడా ఉండాలి. చేరనివాళ్లు వోల్టేజ్ పెంచేవాళ్లు. వోల్టేజ్ పెరిగితే ట్రాన్సిస్టర్లు తొందరగా మారతాయి. కానీ దానికి ఖరీదు ఉంది. వేడి వోల్టేజ్ వర్గంతో పెరుగుతుంది. 2 వోల్టుల నుంచి 2.2కి వెళ్తే అదొక్కటే 21 శాతం అదనం. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కలిపితే, దాదాపు 1.8 రెట్లు.

ఇక్కడ ఒక తమాషా చెప్తాను. కొంతమంది భయపడి 100 బదులు 83 బస్ పెట్టేవాళ్లు, అంటే 375 దగ్గర ఆపేవాళ్లు. తక్కువ కదా, సేఫ్ అనుకుంటాం. కాదు! పీసీఐ బస్ 33 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండాలి. 100 బస్‌ని మూడుతో భాగిస్తే 33 వస్తుంది, సరిపోయింది. 83 దగ్గర చాలా బోర్డులు రెండుతోనే భాగించేవి, పీసీఐ 41 దాటేది. ప్రాసెసర్ బాగానే ఉంటుంది, హార్డ్ డిస్క్‌లోని ఫైళ్లు పాడయ్యేవి. ఎంత పెంచాం అన్నదొక్కటే కాదు, దానితోపాటు ఇంకేం కదిలింది అన్నది కూడా చూడాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. స్టేబుల్ అంటే ఏంటి? విండోస్ ఓపెన్ అవ్వడం స్టేబుల్ కాదు. గేమ్ ఒక గంట నడవడం కూడా కాదు. నా దృష్టిలో క్రాష్ మంచి తప్పు, ఎందుకంటే అది కనిపిస్తుంది. భయపడాల్సింది చప్పుడు లేకుండా వచ్చే తప్పు. లెక్కలో ఒక బిట్ తారుమారై, మెషిన్ ఏమీ జరగనట్టు నడుస్తూ, ఆ తప్పునే సేవ్ చేస్తుంది. ఈ సమస్యని ముందు సీరియస్‌గా తీసుకున్నవాళ్లలో గణితం వాళ్లున్నారు. 1996లో జార్జ్ వోల్ట్‌మన్ మొదలుపెట్టిన గింప్స్ ప్రాజెక్టులో మామూలు జనం తమ కంప్యూటర్లలో పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల కోసం వెతుకుతారు. వారాల తరబడి సాగే లెక్క, మధ్యలో ఒక్క తప్పు వస్తే అంతా వృథా. అందుకే వాళ్ల ప్రైమ్95 సాఫ్ట్‌వేర్‌లో టార్చర్ టెస్ట్ ఉంది. జవాబు ముందే తెలిసిన లెక్కలిచ్చి, మీ చిప్ అదే జవాబు చెప్తుందా అని గంటల తరబడి చూస్తుంది. ఓవర్‌క్లాకర్లందరికీ అదే పరీక్ష పేపర్ అయిపోయింది.

ఆ పరీక్షలో చివరికి కంపెనీయే తప్పిన రోజు వచ్చింది. 2000 మార్చి 6న ఏఎండీ అథ్లాన్‌తో 1 గిగాహెర్ట్జ్ చేరింది. రెండు రోజుల తర్వాత ఇంటెల్ కూడా చేరింది. ముందుండాలన్న తొందరలో ఇంటెల్ జులై 31న 1.13 గిగాహెర్ట్జ్ పెంటియం 3 ప్రకటించింది. టామ్స్ హార్డ్‌వేర్ నడిపిన థామస్ పాబ్‌స్ట్ దాన్ని పరీక్షిస్తే లినక్స్ కెర్నల్ కంపైల్ పూర్తవ్వట్లేదు. ఇంకో ఇద్దరు ముగ్గురు సమీక్షకులకీ అదే సమస్య. నెల తిరక్కుండానే, ఆగస్టు 28న, ఇంటెల్ ఆ చిప్పుని వెనక్కి పిలిచింది. ఒక రకంగా అది కంపెనీ చేసిన ఓవర్‌క్లాకింగే. మార్జిన్ మొత్తం తనే తినేసింది, కొన్నవాడికి భద్రత మిగల్లేదు.

ఆ తర్వాత లెక్క మారింది. 2008లో నెహాలెమ్ చిప్‌లతో టర్బో బూస్ట్ వచ్చింది. చల్లగా ఉంటే చిప్ తనంతట తనే వేగం పెంచుకుంటుంది. 2011లో శాండీ బ్రిడ్జ్‌తో బస్ దారి దాదాపు మూసేశారు. వేగం పెంచుకోవాలంటే ఎక్కువ ధర పెట్టి కే అక్షరం ఉన్న మోడల్ కొనాలి. టేప్ ముక్కతో అయిన పనికి ఇప్పుడు డబ్బులు కట్టాలన్నమాట.

2024లో చరిత్ర మళ్లీ తిరిగొచ్చింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ చిప్‌లు, ముఖ్యంగా ఐ9 మోడల్స్, గేముల్లో క్రాష్ అవ్వడం పెద్ద సమస్యగా మారింది. ఓవర్‌క్లాక్ చెయ్యనివాళ్లకి కూడా! చిప్‌కి అవసరానికి మించి వోల్టేజ్ వెళ్తోందని ఇంటెల్ జులైలో ఒప్పుకుంది, ఆగస్టులో మైక్రోకోడ్ అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచింది. కానీ అప్పటికే దెబ్బతిన్న చిప్పుని ఏ అప్‌డేటూ బాగు చెయ్యలేదు.

మీ చేతిలో ఉన్న ఫోన్ కూడా ఈ కుటుంబమే. యాప్ తెరవగానే వేగం పెంచుతుంది, వేడెక్కగానే తగ్గిస్తుంది. ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడుతుంటే కాసేపటికి ఫ్రేములు పడిపోయేది అందుకే. ఆ నిర్ణయం మీది కాదు, చిప్ లోపలి ప్రోగ్రామ్‌ది.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకి మాత్రం నా మాట ఇది. ముందు బయోస్ అప్‌డేట్ చెయ్యండి. మామూలు వేగం దగ్గరే ఒకసారి టెస్ట్ నడిపి, ఉష్ణోగ్రత రాసిపెట్టుకోండి. ఒకసారికి ఒక్క సెట్టింగే మార్చండి, కొద్దికొద్దిగా. వేగం ఆగిన చోట వోల్టేజ్ పెంచుకుంటూ పోకండి, ఒక మెట్టు కిందికి దిగండి. ర్యామ్‌ని విడిగా పరీక్షించండి. ముఖ్యమైన ఫైళ్లకి బ్యాకప్ ఉన్నాకే ఇదంతా. ప్రైమ్95 ఒక్క తప్పు చూపించినా అది తప్పే, "గేమ్ బాగానే నడుస్తోంది కదా" అని వదిలెయ్యొద్దు.

300ఏ కాలంలో ఖాళీ పెద్దది, అందుకే 50 శాతం వచ్చింది. ఇప్పుడు ఆ ఖాళీని కంపెనీలే దాదాపు వాడేస్తున్నాయి. అందుకని ఈ రోజుల్లో చాలామంది వోల్టేజ్ తగ్గించి, అదే వేగాన్ని చల్లగా నడిపించే ప్రయత్నం చేస్తున్నారు. అక్కడ కూడా పరీక్ష అదే: జవాబు సరిగ్గా వచ్చిందా, లేదా?

మీ ఇంట్లో పాత డెస్క్‌టాప్ ఉంటే అందులో ఏ చిప్ ఉందో చూసి కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.