కలివికోడి: లేదనుకున్న పిట్ట కడప ముళ్ళకంపల్లోనే ఉంది!

మంగంపేట అనగానే మీకేం గుర్తొస్తుంది? ముగ్గురాయే కదా! ప్రపంచంలోని పెద్ద బెరైటీస్ నిక్షేపాల్లో ఒకటి అక్కడుంది. భూమి కింద ఎంత సరుకుందో లెక్కలు కట్టారు. మరి భూమి పైన? కలివి పొదలు, రేగుకంపలు, తుమ్మచెట్లు. "ఏముందిలే, ముళ్ళకంప" అనేస్తాం. ఈ రోజు కథ ఆ ముళ్ళకంపదే. దానికోసం మంగంపేట నుంచి సిద్ధవటం, బద్వేలు వైపు, లంకమల కొండల దాకా పోదాం.

1848లో సైన్స్ ఒక కొత్త పిట్టకు పేరు పెట్టింది. దాన్ని కనిపెట్టింది థామస్ జెర్డాన్ అనే డాక్టరు. అందుకే ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్. మనోళ్ళ పేరు ఇంకా బాగుంటుంది: కలివికోడి. కలివి పొదల్లో తిరిగే కోడి అని. పెద్ద కళ్ళు, రొమ్ము మీద రెండు గోధుమ రంగు పట్టీలు. పగలు కనపడదు, రాత్రిపూట నేల మీద పరుగెత్తుతుంది.

1900లో అనంతపురం దగ్గర ఒకసారి కనపడింది. అంతే! ఆ తర్వాత 86 ఏళ్ళు ఎవరూ రికార్డు చేయలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు.

అప్పుడు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి భరత్ భూషణ్ వచ్చాడు. స్థానిక వేటగాళ్ళను అడుగుతూ వెతికాడు. 1986 జనవరిలో, రెడ్డిపల్లి దగ్గర, ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట ఆ పిట్టను పట్టాడు. పాపం, అది ఎక్కువ రోజులు బతకలేదు. కానీ జాతి బతికే ఉందని తేలిపోయింది. ఒక్కసారి ఆలోచించండి: పుస్తకాల్లో "లేదు" అనుకున్నదానికి ఊళ్ళో పేరుంది!

1988లో లంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. కానీ అడవికి బోర్డు పెడితే సరిపోదు కదా? ఆ పిట్టకు ఏం కావాలో తెలియాలి. 2000 తర్వాత పరిశోధకులు నేల మీద మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే అడుగుజాడలు చూశారు. కెమెరాలు పెట్టారు. సాయంత్రం దాని కూత వినిపించి, జవాబు వస్తుందేమో అని కాచుకున్నారు.

తేలిందేంటంటే, హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలు ఉన్న చోటే అది ఉండే అవకాశం ఎక్కువ. మరీ దట్టంగా పెరిగినా కుదరదు, పూర్తిగా నరికేసినా కుదరదు. అంటే మేకలు మేసినంత మాత్రాన అడవి పాడైపోయినట్టు కాదు. మితంగా మేస్తే పొదల మధ్య ఖాళీ మిగులుతుంది. అతి అయితేనే ముప్పు.

ఆ లెక్క ఊరికే పోలేదు ఫ్రెండ్స్. 2005లో తెలుగుగంగ కాలువ పనులు ఈ పిట్ట ఉండే చోటికే వచ్చాయి. పొదలు కొట్టేశారు. విషయం సుప్రీంకోర్టు కమిటీ దాకా పోయింది, చివరికి కాలువ దారి మార్చారు. కరువు సీమకు నీళ్ళు వద్దని ఎవరూ అనలేదు. నీళ్ళూ రావాలి, పిట్టా ఉండాలి. పిట్ట ఎక్కడుందో ముందే తెలిసింది కాబట్టే ఆ దారి దొరికింది.

2000ల చివరి నుంచి కలివికోడి కంటపడటం మళ్ళీ చాలా అరుదైపోయింది. అందుకే ఇంకోసారి ఎవరైనా "ఇది ఉత్త బంజరు" అంటే, ఒక్క మాట అడగండి: రాత్రిపూట వెళ్ళి చూశారా? మీ ఊరి పెద్దాయనకు తెలిసిన పిట్టల పేర్లు, పొదల పేర్లు ఫోన్లో రికార్డు చేసి పెట్టుకోండి. ఏ పేరు ఎప్పుడు పనికొస్తుందో!

మళ్ళీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.