బట్టమీది ముద్ర చెప్పే కాలము

పాత జీన్సు లాగులను సేకరించేవారు వాటి వయస్సును గుడ్డ చూచి కాదు, చీటీ చూచి చెబుతారు. లీవైస్ లాగు వెనుక జేబు అంచున ఎర్రని చీటీ కుట్టడము 1936లో మొదలైనది. దానిమీది పేరులోని ఇంగ్లీషు ‘ఇ’ 1971లో పెద్ద అక్షరము నుండి చిన్న అక్షరమైనది. ఆ చీటీ పాతదే అయితే, పెద్ద ‘ఇ’ గల లాగు సుమారు ఆ రెండు సంవత్సరముల నడుమది అన్నమాట.

ఈ పద్ధతి మన తీరపు అద్దకపు బట్టలకూ వర్తిస్తుంది. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో బందరు చేరి ఈ బట్టల వర్తకము సాగించారు. కంపెనీలు తాము కొన్న బట్టలపై ముద్రలు వేసేవి. కోరమండల్ తీరము నుండి పోయిన బట్టలు ఇండోనేషియా కుటుంబాలలో తరతరాలుగా భద్రముగా ఉండటముచేత అట్టి ముద్రలు నేటికీ కనబడుతున్నవి.

డచ్చి కంపెనీ 1602లో పుట్టి, 1799లో రద్దయినది. ‘వి.ఓ.సి.’ ముద్ర గల బట్టకు అవే హద్దులు. ఇంగ్లీషువారి రెండు పోటీ కంపెనీలు 1709లో పూర్తిగా ఏకమైనవి. ‘సంయుక్త’ అనే అర్థముగల ఇంగ్లీషు మాటకు మొదటి అక్షరము ‘యు’. కనుక ‘యు.ఇ.ఐ.సి.’ ముద్ర గల బట్ట ఆ విలీనమునకు ముందుది కాజాలదు. 1833 చట్టముతో ఆ కంపెనీ వ్యాపారమే మానవలసి వచ్చినది.

ఇంగ్లండులో మరొక గుర్తు ఉండేది. మన బట్టల పోటీకి వెరచి అచ్చు నూలుబట్టలను నిషేధించిన ఆ దేశము, 1774లో తమ సొంత నేతకు అనుమతి ఇచ్చినది. కాని బట్ట అంచులో మూడు నీలి పోగులు ఉండాలన్నది షరతు. 1811లో ఆ నిబంధన పోయినది. ఆ మూడు పోగులే నేడు ఆ బట్టల కాలమును తెలుపుతున్నవి.

ముద్ర ఉన్న ముక్కను కత్తిరిస్తే ఏమి మిగులుతుంది? రంగు మిగులుతుంది. పూర్వము మన ఎరుపు చిరివేరు నుండి వచ్చేది. అందులో అలిజరీనుతో పాటు దాని బంధువులైన ఇతర రంజకాలూ ఉంటవి. కృత్రిమ అలిజరీను 1869 తరువాతనే బజారుకు వచ్చినది. అది ఉన్నదని పరీక్షలో తేలితే ఆ అద్దకము అంతకు పూర్వపుది కాదు. అయితే రంగు ఇచ్చేది ఒక్క హద్దే. ముద్ర రెండు హద్దులనూ ఇవ్వగలదు.

కొన్నవాని గుర్తు బట్టపై నిలిచినది. అద్దినవాని పేరు ఆ ముద్రలలో లేదు. అతని కాలమునైనా చెప్పగలిగేది ఆ గుర్తే. కనుక ఇంటి పెట్టెలో పాత పంచెగాని, చీరగాని కనబడితే, ఉతకడానికి ముందు దాని చివరలను చూడండి. ముద్ర ఉంటే ఉన్నదున్నట్లు కాగితముపై దించుకొనండి. చెరిగిపోయిన ముద్రను తిరిగి చదవడము కష్టము.