వార్డులో నేర్చిన చదువు
(నర్సు విద్యార్థుల శిక్షణ - నాడు, నేడు)

ప్రత్యేక సంచికకు ఆసుపత్రుల గురించి ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. డాక్టర్ల చరిత్ర రాయగలవారు మన సంఘంలోనే కొందరున్నారు. నా సర్వీసులో పెద్ద భాగం ఒక జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ ఆసుపత్రి కార్యాలయంలో, నర్సింగ్ స్కూలు సీటులో గడిచింది. కాబట్టి మన వయసువారందరికీ ఎప్పుడో ఒకప్పుడు చేయి పట్టుకుని నాడి చూసిన ఆ నర్సు పిల్లల చదువు గురించి రాయడం నా పని అనుకున్నాను.

నర్సులకు క్రమమైన శిక్షణ అనగానే ఫ్లారెన్స్ నైటింగేల్ పేరు చెప్పుకోవాలి. క్రిమియా యుద్ధంలో ఆమె సేవకు కృతజ్ఞతగా ప్రజలు చందాలు వేసి ఒక నిధి కూడబెట్టారు. ఆ నిధితో 1860లో లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో శిక్షణ పాఠశాల మొదలైంది. మొదటి జట్టులో చేరినవారు 15 మంది. శిక్షణ ఒక సంవత్సరం. పుస్తకం చదివితే నర్సు కాదనీ, వార్డులో రోగి పక్కన, తెలిసిన సిస్టరు కనుసన్నల్లో చేతులతో చేస్తేనే పని వస్తుందనీ ఆమె నమ్మకం. ఇందులో మనం సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. ఆ విద్యార్థినుల ఖర్చు నిధి భరించింది. అంటే వారి తిండీ బసా ఆసుపత్రి మీద పడలేదు.

ఆ పద్ధతిని తరువాత ఎన్నో దేశాల ఆసుపత్రులు అనుసరించాయి. కానీ అటువంటి నిధి అన్నిచోట్లా ఎక్కడినుంచి వస్తుంది? భోజనం పెట్టి, కొద్ది స్టైపెండు ఇచ్చి, బదులుగా వార్డు పని అంతా విద్యార్థినుల చేత చేయించుకోవడం అలవాటైంది. అమెరికాలో 1923లో వెలువడిన గోల్డ్‌మార్క్ నివేదిక, ఆసుపత్రి పని అవసరాల కింద విద్యార్థినుల చదువు నలిగిపోతున్నదని చెప్పింది. ఆ తగాదా మన దేశానికీ వచ్చింది.

మన దేశంలో

కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో, 1871లో మద్రాసు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ మొదలైంది. మన ప్రాంతంలో మిషన్ ఆసుపత్రులు ఈ పనికి తోడ్పడ్డాయి. 1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ మిషన్ వైద్యురాలు డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. ఈనాటికీ ఆమె పేరు చెప్పుకుంటారు. ఆడపిల్ల ఇల్లు వదిలి, పరాయి మగవాడి ఒళ్ళు తుడవడమా అని కులాల వారీగా ముఖం చిట్లించిన కాలమది. అనాథలూ, వితంతువులూ, క్రైస్తవ కుటుంబాల పిల్లలే ముందుగా ధైర్యం చేశారు.

1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. 1943లో వేసిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇస్తూ, దేశంలో 43,000 మందికి ఒక నర్సు ఉన్నదని లెక్క తేల్చింది. ఆ 1946లోనే ఢిల్లీలోనూ, వెల్లూరులోనూ నర్సింగ్ డిగ్రీ చదువు మొదలైంది. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం చేసి, దేశమంతటికీ ఒక స్థాయి చదువు ఉండాలన్నారు.

మెడికల్ వార్డులో

నేను 1973లో ఎల్.డి.సి.గా చేరాను. సంతకాల కోసం ఫైళ్ళు పట్టుకుని రోజూ వార్డుల మీదుగా వెళ్ళవలసి వచ్చేది. సర్జికల్ వార్డులో కోత, కుట్టు కంటికి కనబడతాయి. మెడికల్ వార్డులో అలా కాదు. జ్వరం, గుండె జబ్బు, పక్షవాతం, ఉబ్బసం, మూత్రపిండాల వాపు - అన్నీ లోపలివే. అక్కడ నర్సు పనిలో సగం కనిపెట్టి చూడడమే. అందుకే కొత్త పిల్లలకు మొదట నేర్పేది పక్క వేయడం, ఒళ్ళు తుడవడం, జ్వరం చూడడం, నాడి, ఊపిరి లెక్కించి చార్టులో చుక్కలు పెట్టి గీత కలపడం. ఆ గీత ఎక్కడ పైకి లేచిందో, ఎక్కడ దిగిందో చూసి డాక్టరు టైఫాయిడ్ సంగతి గ్రహించేవాడు.

పక్షవాతం రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండు పడుతుంది. సెలైన్ 500 మిల్లీలీటర్ల సీసా 8 గంటలు నడవాలంటే, మిల్లీలీటరుకు 15 చుక్కలు పడే గొట్టంతో నిమిషానికి సుమారు 16 చుక్కలు పడాలి. గడియారం చూస్తూ ఆ పిల్లలు పెదవులు కదుపుకుంటూ చుక్కలు లెక్కించేవారు.

ఒకనాడు నేను చూసిన పాఠం ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. గుండె జబ్బుతో ఉన్న ఒక ముసలాయన మంచం దగ్గర ట్యూటరమ్మ స్టెతస్కోపు ఛాతీ మీద పెట్టింది. విద్యార్థిని మణికట్టు పట్టుకుంది. ఒకే గడియారం చూస్తూ ఇద్దరూ ఒక నిమిషం లెక్క పెట్టారు. ట్యూటరమ్మకు 104 వచ్చింది, ఆ పిల్లకు 86. తప్పు చేశాననుకుని పిల్ల బెదిరిపోయింది. ఆమె నవ్వి, "నీ లెక్క తప్పు కాదమ్మా. ఈ గుండె కొట్టే ప్రతి దెబ్బా చేతిదాకా రావడం లేదు. ఆ తేడాయే ఇతని జబ్బు" అంది. డిగాక్సిన్ మాత్ర ఇచ్చేముందు గుండె వేగం చూడాలనీ, 60కి తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకు చెప్పాలనీ అక్కడే చెప్పింది. ముసలాయన, "ఇంకోసారి చూసుకోమ్మా, నాకేం పోయింది" అన్నాడు. ఇది ఏ తరగతి గదిలోనూ చెప్పగలిగే పాఠం కాదు.

పగలు అలా గడిచేది. రాత్రి వేరు. నలభై మంచాల వార్డులో రాత్రిపూట ఇద్దరు విద్యార్థినులే ఉన్న రోజులు నేను ఎరుగుదును. స్టాఫ్ నర్సు ఒక్కతే మూడు వార్డులు తిరిగేది. గాజు సిరంజిలు, సూదులు కడిగి, మరగబెట్టి మళ్ళీ వాడే కాలం. పాఠమెవరు చెబుతారు?

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలి. రాత్రి డ్యూటీలో ఉండగా ఒక అమ్మాయికి కామెర్లు వచ్చాయి. ఇచ్చే సెలవు పోగా తొమ్మిది రోజులు మిగిలాయి. నిబంధన ప్రకారం ఆ తొమ్మిది రోజులు శిక్షణ పొడిగించాలనీ, స్టైపెండు కోయాలనీ నోటు రాసి పెట్టాను. హెడ్ సిస్టరు కార్యాలయానికి వచ్చి, "గుమాస్తాగారూ, ఆ పిల్లకు జబ్బు ఎక్కడ అంటిందో రాయడానికి మీ రిజిస్టరులో కాలమ్ లేదా?" అని అడిగింది. లేదు మరి. నోటులో మరొక వాక్యం రాయడానికి నాకెవరూ అడ్డు లేరు. అయినా రాయలేదు. ఆ అమ్మాయి తోటివారందరూ వెళ్ళిపోయాక తొమ్మిది రోజులు ఒంటరిగా డ్యూటీ చేసి వెళ్ళింది.

ఇటువంటి కష్టాలన్నీ చూడడానికి 1987లో కేంద్ర ప్రభుత్వం సరోజినీ వరదప్పన్ అధ్యక్షతన ఉన్నతాధికార సంఘాన్ని వేసింది. 1989లో నివేదిక వచ్చింది. 1986లో మద్రాసులో మన దేశపు తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడిన తరువాత, క్రమంగా ఒకసారి వాడి పారేసే సిరంజిలు వచ్చాయి.

నేడు

ఇప్పుడు చిక్కు తిరగబడింది. ప్రైవేటు కళాశాలలు పెరిగాయి. మగపిల్లలూ చేరుతున్నారు. 2021లో ప్రకటించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో సెమిస్టర్ పద్ధతి వచ్చింది, బొమ్మల మీద సాధన చేసే ప్రయోగశాలలకూ చోటిచ్చారు. ఇది మంచిదే. మొదటి సూది మనిషికి కాక బొమ్మకు గుచ్చడం అందరికీ క్షేమం. కానీ బొమ్మ దాహం అడగదు, భయపడి చేయి లాక్కోదు. వెనుక పని ఎక్కువై చదువు తక్కువైంది. ఇప్పుడు విద్యార్థులకు తగినన్ని మంచాలు లేనిచోట, సర్టిఫికెట్టు చేతికి వచ్చినా చేతికి పని రాకుండా పోయే ప్రమాదముంది.

ఇందులో మన పాత్రా ఉంది. ఈమధ్య రక్తపోటు ఎక్కువై నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. యూనిఫారంలో ఒక అమ్మాయి బి.పి. చూడడానికి వస్తే మావాళ్ళు, "నేర్చుకునేవాళ్ళు వద్దు, పెద్ద సిస్టరును పిలవండి" అన్నారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నేను, "మీ మేడం ఉన్నారామ్మా?" అని అడిగాను. ఉన్నారంది. "పిలుచుకురా, ఆవిడ ముందే చూడు" అని చేయి చాచాను. మొదటిసారి సరిగా రాలేదు. రెండోసారి ఇద్దరి లెక్కా కలిసింది.

కాదనే హక్కు రోగికి ఉంది. ఒంట్లో మరీ బాగులేనప్పుడు కాదనవచ్చు కూడా. కానీ తేలికపాటి పనులకు, పక్కన నేర్పేవారు ఉన్నప్పుడు, పెన్షనర్ మిత్రులు చేయి ఇవ్వవలసిందిగా మనవి. నేర్పేవారు లేకపోతే, వారేరీ అని ఆ పిల్లను కాదు, ఆసుపత్రివారిని అడగండి. ఆనాడు నేను నోటులో రాయకుండా వదిలేసిన వాక్యం అదే.