తేలిక విల్లుతో వేట నేరమెట్లయింది? (మన చరిత్ర – 14)



మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు ఉద్యోగులను టీమ్ ఔటింగ్ పేరుతో ఊరవతలి రిసార్టులకు తీసుకుపోతుంటాయి. అక్కడి ఆటల్లో విలువిద్య కూడా ఒకటి. పది బాణాలు వేసి, ఫొటో దిగి, బిర్యానీకి పోతారు. అదే హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని మూడు గంటలు పోతే అమ్రాబాద్ అడవి వస్తుంది. అక్కడ ఒక చెంచు మనిషి భుజాన విల్లు వేసుకుని నడిస్తే అది ఆట కాదు, అనుమానం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 'ఆయుధం' అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో విల్లంబులు తుపాకీ కంటే ముందే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరక్రమం వల్ల అట్లా వచ్చిందనుకోండి. కానీ అడవిలో కూడా ఆ వరుసే నడుస్తుంది.

ఇంతకీ ఆ విల్లు ఎంతటిది? నారిని పూర్తిగా లాగి పట్టడానికి ఎంత బలం కావాలో దాన్నే విల్లు బరువు అంటారు, పౌండ్లలో కొలుస్తారు. మన పురాణాలు, సినిమాలు మనకు నేర్పింది ఒకటే: ఎంత బరువైన విల్లు ఎత్తితే అంత వీరుడు. శివధనుస్సు కథ మొత్తం దాని మీదే నడుస్తుంది. అది యుద్ధం చేసేవాడి లెక్క. 1545లో మునిగి 1982లో బయటికి తీసిన మేరీ రోజ్ అనే ఇంగ్లీషు యుద్ధనౌకలో దొరికిన విల్లులు వంద పౌండ్ల నుంచి నూట ఎనభై దాకా ఉంటాయని అంచనా కట్టారు. కవచం తొడుక్కున్న మనిషిని దూరం నుంచి కొట్టాలంటే అంత కావాలి. దుప్పికి కవచం ఉండదు. వేటగాడి లెక్క వేరు.

తూటా దెబ్బకు కూలుస్తుంది. బాణం కోస్తుంది. మొన వాడిగా ఉండి, పక్కటెముకల సందులోంచి ఊపిరితిత్తుల్లోకి దిగితే జంతువు నెత్తురు కారి పడిపోతుంది. దానికి పెద్ద బలం అక్కర్లేదు, దగ్గరితనం కావాలి. జంతువుకు బాగా దగ్గరి దాకా చప్పుడు లేకుండా పోగలగాలి, గాలి ఎటు వీస్తుందో తెలియాలి. నీళ్ల దగ్గర, రాలిన కాయల చెట్టు కింద గంటలకొద్దీ కదలకుండా కూర్చోవాలి. బాణం తగిలిన తర్వాత ఆకుల మీది నెత్తుటి చుక్కలు పట్టుకుని వెంట పోవాలి. తేలిక విల్లు అంటే తక్కువ విద్య కాదు. బరువు తగ్గినకొద్దీ అడవి గురించి ఎక్కువ తెలిసి ఉండాలి. ఆఫ్రికా కలహారిలో శాన్ ప్రజల విల్లు ఇంకా తేలిక. ఒక రకం పెంకుపురుగు లార్వా విషాన్ని బాణానికి పూసి ఆ లోటు తీర్చుకున్నారు.

ఇక్కడ ఇషీ గురించి చెప్పాలి. కాలిఫోర్నియాలో యాహీ తెగను తెల్లవాళ్లు వేటాడి చంపేశారు. మిగిలిన ఒక్కడు 1911లో ఆకలితో ఒరోవిల్ పట్టణం దగ్గర బయటికి వచ్చాడు. యూనివర్సిటీ మ్యూజియంలో ఉంచుకుని, అక్కడే ఊడ్చే పని ఇచ్చారు. శాక్స్టన్ పోప్ అనే డాక్టర్ అతని దగ్గర విల్లు నేర్చుకున్నాడు. ఇషీకి ఇష్టమైన విల్లు నలభై ఐదు పౌండ్లు, అంటే ఇరవై కిలోల చిల్లర. దానితోనే జింకలను కొట్టేవాడు. 1916లో క్షయతో చనిపోయాడు. పోప్ 1923లో పుస్తకం రాశాడు. అమెరికాలో విల్లుతో వేటాడే క్లబ్బులన్నీ పోప్‌ను గురువు అంటాయి. అక్కడి పలు రాష్ట్రాలు జింక వేటకు విల్లు కనీసం 30, 35, 40 పౌండ్లు ఉండాలని రూలు పెట్టి లైసెన్సులు ఇస్తాయి. ఇషీ మెదడును మాత్రం సీసాలో పెట్టి 2000 దాకా తిరిగి ఇవ్వలేదు.

మన చెంచుల గురించి మొదటి పెద్ద పుస్తకం కూడా ఇట్లాగే ఒక యాక్సిడెంట్. హైమెన్‌డార్ఫ్ ఆస్ట్రియా వాడు. 1939లో యుద్ధం మొదలయ్యేసరికి జర్మన్ పాస్‌పోర్టుతో ఇక్కడ దొరికిపోయాడు. బ్రిటిష్‌వాళ్లు అతన్ని శత్రుదేశస్తుడిగా లెక్కగట్టి నైజాం రాజ్యం దాటనివ్వలేదు. ఆ నిర్బంధంలోనే నల్లమల చెంచు పెంటల్లో ఉండి పని చేశాడు. 1943లో పుస్తకం వచ్చింది. అందులో తెలిసే సంగతి ఏమిటంటే, చెంచులను వేటగాళ్లు అని మనం అనుకుంటాం గానీ పెంట కడుపు నింపింది ఎక్కువగా అడవి గడ్డలు. తవ్వుకోల పట్టుకుని గడ్డలు తవ్వడంలో ఆడవాళ్లదే పెద్ద చెయ్యి. వెదురు విల్లుతో, కుక్కతో పోయిన మగవాడు చాలాసార్లు ఉత్త చేతులతోనే తిరిగొచ్చేవాడు. ఉడుమో కుందేలో దొరికితే పండుగ. దుప్పి పడితే అందరికీ వాటా. ఈ విల్లుతో అడవి ఖాళీ కావడం సాధ్యమేనా? మీరే లెక్క వేయండి.

మరి ఖాళీ చేసింది ఎవరు? ఫొటోలున్నాయి. నైజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ పేరుతో ఉన్న చిత్రాల్లో వేట శిబిరాలు చూడండి. 1902లో వైస్రాయ్ కర్జన్ హైదరాబాద్ రాజ్యంలో పులిని కొట్టి, భార్యతో కలిసి దాని వెనక నిలబడ్డాడు. అడవిలో పులిని లేపుకొచ్చే హాకా పని మాత్రం ఊరి పేదలది, గూడెం వాళ్లది. అది వెట్టి. పులి మీదికొస్తే ముందు చచ్చేది వాళ్లే, ఫొటోలో లేనిది కూడా వాళ్లే.

స్వతంత్రం తర్వాత చట్టం ఎట్లా నడిచిందో గమనించండి. 1972 చట్టం వేటను పూర్తిగా ఆపలేదు. ఫీజు కట్టి లైసెన్సు తీసుకుని కొన్ని జంతువులను వేటాడే దారి అందులో ఉంది. తుపాకీ, జీపు, ఆఫీసరు పరిచయం ఉన్నవాడికి ఆ దారి. లైసెన్సుల ముచ్చట 1991 సవరణతో గానీ పోలేదు. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని పీఠికలోనే ఒప్పుకుంది. తేనె, గడ్డలు, పశువుల మేత, ఇంకా ఆచారంగా వచ్చే హక్కులన్నీ మీవే అంటూ, వేట హక్కు తప్ప అని మినహాయింపు పెట్టింది. వేట మళ్లీ తెరవాలని నేను అనడం లేదు. పులులు ఎన్ని మిగిలాయో అందరికీ తెలుసు. కానీ అన్యాయాన్ని ఒప్పుకున్న చట్టంలోనే, ఆ విల్లు ఎవరి దోషం మోస్తున్నదో ఒక్క ముక్క లేదు.

ఇప్పుడు కథలకు వద్దాం. ఎడ్వర్డ్ మోర్స్ 1885లో లోకంలోని జనాలు నారిని ఎట్లా పట్టి లాగుతారో వర్గీకరించాడు. అన్నిటికంటే పాత పద్ధతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య బాణం చివర గిల్లి పట్టడం. బరువు విల్లును అట్లా లాగలేం, పట్టు జారిపోతుంది. తేలిక వేట విల్లుకే అది సరిపోతుంది. ఈ పట్టులో బొటనవేలు పోతే అంతా పోయినట్టే. నిషాద పిల్లవాడు ఏకలవ్యుడి దగ్గర ద్రోణుడు ఏ వేలు అడిగాడో గుర్తు చేసుకోండి. రాసినవాడికి విల్లు గురించి బాగా తెలుసు. శ్రీకాళహస్తి కథలో బోయ తిన్నడు ఒక కన్ను ఇచ్చి, రెండోది కూడా ఇవ్వబోతాడు. విలుకాడికి ఉండాల్సినవి వేలు, కన్ను. రెండు కథల్లోనూ అవే అడిగారు, ఒకదాన్ని గురుదక్షిణ అన్నారు, ఇంకొకదాన్ని భక్తి అన్నారు.

అహోబిలంలో కనుమ నుంచి నలభై రోజులకు పైగా పారువేట ఉత్సవం జరుగుతుంది. చెంచులక్ష్మిని పెళ్లాడిన నరసింహస్వామి పల్లకీలో ఊళ్లకు వేటకు పోతాడు. చెంచులు ఆ పల్లకీ మీదికి బాణాలు వేయడం అందులో ఆచారం. దేవుడు ఉత్సవంగా వేటాడొచ్చు. ఆయన బామ్మర్దులకు మాత్రం ఆ పక్క అడవిలోనే కేసు.

ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ చిన్నప్పుడు వెదురు విల్లుతో పిట్టలను కొట్టినవాడు. దేశం తరఫున ఒలింపిక్స్‌కు పోయాడు. 1991లో అతనికి ఇచ్చిన బహుమతి పేరు అర్జున. కోచ్‌లకు ఇచ్చేది ద్రోణాచార్య. ఆదివాసీ పిల్లల హాస్టల్ బడులకు మాత్రం ఏకలవ్య అని పేరు. ఆ పేర్లు పెట్టిన కమిటీలో ఎవరికీ నవ్వు రాలేదేమో.

చివరిగా మన ఇంటి పక్క సంగతి. 2025 మార్చి చివర్లో కంచ గచ్చిబౌలి నాలుగు వందల ఎకరాల్లో జేసీబీలు దిగాయి. హెచ్‌సీయూ విద్యార్థులు అడ్డం పడి దెబ్బలు తిన్నారు, అరెస్టయ్యారు. దుప్పులు, నెమళ్లు చెల్లాచెదురయ్యాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపింది. లా చదివే మిత్రులు ఒక పని చేయండి. 1972 చట్టం రెండో సెక్షన్ తెరవండి. పక్షుల గూళ్లను, గుడ్లను చెదరగొట్టడం కూడా 'వేట' కిందికే వస్తుందని అందులో ఉంది. 'ఆయుధం' నిర్వచనం చివర జంతువును గాయపరచగల, నాశనం చేయగల ఏ పరికరమైనా అని ఉంది. చెంచు విల్లు అందులో పేరుతో సహా ఉంది. జేసీబీ ఎందుకు రాదో చదివి చెప్పండి.