దాసరి సుబ్రహ్మణ్యం

దాసరి సుబ్రహ్మణ్యం (1932 - 2010 జనవరి 27) తెలుగు బాలసాహిత్య రచయిత. చందమామ మాసపత్రికలో వెలువడిన జానపద ధారావాహికలకు కర్త. రెండు మూడు తరాల తెలుగు పిల్లలు ఈయన రచనలను చదివి పెరిగినప్పటికీ, వారిలో అత్యధికులకు రచయిత పేరు చాలాకాలం తెలియలేదు.

జీవిత విశేషాలు

సుబ్రహ్మణ్యం గుంటూరు జిల్లాలో జన్మించాడు. 1952లో మద్రాసులోని చందమామ కార్యాలయంలో చేరి, 2006 వరకు, అనగా అర్ధ శతాబ్దికి పైగా, సంపాదకవర్గంలో పనిచేశాడు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో స్థాపించిన ఈ పత్రికకు 1952 నుండి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వ బాధ్యతలు నిర్వహించాడు. పదవీ విరమణానంతరం సుబ్రహ్మణ్యం విజయవాడకు చేరి, అక్కడే మరణించాడు.

ధారావాహికలు

1954లో ప్రారంభమైన తోకచుక్క ఈయన తొలి ధారావాహిక. కుండలినీ ద్వీపానికి చెందిన సేనాని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు ఇందులోని ముఖ్యపాత్రలు. దీని తరువాత వరుసగా మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ వెలువడ్డాయి. అటుపై బంకించంద్రుని దుర్గేశనందిని అనువాదం ధారావాహికగా వచ్చింది. 1966లో పాతాళదుర్గంతో సుబ్రహ్మణ్యం రచనలు పునఃప్రారంభమై, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు వరకు సాగాయి. మొత్తం పన్నెండు ధారావాహికలు. చందమామ ఇతర భాషల సంచికల ద్వారా ఇవి ఆయా భాషల బాలలకు కూడా చేరాయి. చందమామకు వెలుపల, బొమ్మరిల్లు పత్రికలో మృత్యులోయ ధారావాహికను రచించాడు.

రచనా విధానం

ఈ కథలలో అడవులు, కొండగుహలు, శిథిలనగరాలు, మంత్రతంత్రాలు విరివిగా కనిపిస్తాయి. అయితే కథానాయకులు సామాన్యంగా మంత్రశక్తి లేనివారు. ధైర్యం, సమయస్ఫూర్తి, స్నేహితుని తోడు వారి ఆయుధాలు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లుడు, శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి ఇటువంటి మిత్రులు. ప్రతి భాగం ఏదో ఒక ఆపద వద్ద ఆగడం వలన పిల్లలు మరుసటి నెల సంచిక కొరకు ఎదురుచూసేవారు. వాక్యాలు చిన్నవి, భాష సరళమైనది. కొత్తగా చదువు నేర్చిన పిల్లవాడు సైతం ఒకరి సహాయం లేకుండా చదువుకొనగలడు. ఎక్కువ ధారావాహికలకు చిత్రకారుడు 'చిత్ర' (టి.వి.రాఘవన్) బొమ్మలు వేశాడు. పాత్రల రూపురేఖలు పాఠకుల మనసులలో నిలిచిపోవడానికి ఆ బొమ్మలు ముఖ్యకారణం.

అజ్ఞాత రచయిత

ఈ ధారావాహికలు చందమామలో రచయిత పేరు లేకుండానే ప్రచురితమయ్యాయి. సంపాదకవర్గంలోని వారి రచనలను పత్రిక సొంత రచనలుగా పరిగణించడం అక్కడి పద్ధతి. కుటుంబరావు చందమామకు వ్రాసిన వాటిలోనూ అధికభాగం ఇట్లే వెలువడింది. ఫలితంగా బొమ్మల క్రింద సంతకమున్న చిత్రకారుని పేరు పిల్లలకు తెలిసింది గాని, కథ చెప్పినవాని పేరు తెలియలేదు. 2000వ దశకంలో పాత చందమామల అభిమానులు అంతర్జాలంలో ఈ కథలను గురించి చర్చించుకొనడంతో సుబ్రహ్మణ్యం పేరు విస్తృతంగా వెలుగులోకి వచ్చింది. అప్పటికి ఆయన డెబ్బయ్యవ పడిలో ఉన్నాడు. మరణానంతరం ఆయన రచనలు కొన్ని ఆయన పేరుతోనే పుస్తకరూపంలో వెలువడ్డాయి.